ఊరికే ఎక్కిన కొండ

"ఏటి బాబూ, ఎవులు పంపించినారు మిమ్మల్ని? ఎంతిస్తారేటి?"

లంబసింగి ఘాట్‌లో ఒక మలుపు దగ్గర సైకిళ్ళు రాతిగోడకు ఆనించి ఆయాసపడుతున్న మమ్మల్ని ఒక ముసలమ్మ అడిగిన ప్రశ్న ఇది. ఆమె నెత్తిన అడ్డాకుల మోపు ఉంది. ఎవరూ పంపలేదు మామ్మా, ఎవరూ ఏమీ ఇవ్వరు, ఊరికే ఎక్కుతున్నాం అన్నాం. ఆమె మా ముఖాలవంక, సైకిళ్ళవంక మార్చి మార్చి చూసింది. "ఊరికినేనా!" అని, మోపు సర్దుకొని, మాకంటే ముందు మలుపు దాటిపోయింది.

ఆమె వెక్కిరించలేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. మాకూ జవాబు దొరకలేదు. ఈ వ్యాసం ఆ జవాబు కోసం వెతుకులాట. ఇది సైకిలు గురించి మొదలవుతుంది కానీ బడి దగ్గర ముగుస్తుంది. తోటి ఉపాధ్యాయులూ, మన యువతీయువకులూ కొంచెం ఓపికతో మాతోపాటు ఎక్కాలని కోరుతున్నాం.

మేము ఐదుగురం. ముగ్గురం మన్యం బడుల్లో పనిచేసే ఉపాధ్యాయులం, ఇద్దరు మా దగ్గర చదువుకొని ఇప్పుడు కాలేజీలో ఉన్న కుర్రాళ్ళు. జనవరిలో ఒక ఆదివారం నర్సీపట్నం నుంచి తెల్లవారకముందే బయలుదేరాం. డౌనూరు మీదుగా ఘాట్ ఎక్కి లంబసింగి, అక్కడినుంచి చింతపల్లి, సాయంత్రానికి మళ్ళీ కిందికి. ఇదీ మేము వేసుకున్న లెక్క. మూడు గేరు సైకిళ్ళు, అవీ అడిగి తెచ్చుకున్నవి. కుర్రాళ్ళలో ఒకడిది మాత్రం గేరు లేని మామూలు సైకిలు. వాళ్ళ నాన్న సంతకు సరుకు మోసే సైకిలు అది.

మైదానంలో మాటలు ఎక్కువ. ఘాట్ మొదలయ్యాక మాటలు తగ్గాయి. ఇంకొంత పైకి వెళ్ళాక ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. కొండ ఎక్కే సైకిలువాడు మొదట నేర్చుకునే పాఠం పైకి చూడకూడదని. పైన కనిపించే రోడ్డు కాళ్ళలో సత్తువ తీసేస్తుంది. తర్వాతి మలుపు వరకే చూడాలి. ఆ మలుపు వచ్చాక దాని తర్వాతి మలుపు. రెండో పాఠం, ముందుగా వెళ్ళేవాడి వేగం పట్టుకోకూడదని. ఎవరి ఊపిరి వాళ్ళది. మూడోది, దిగి నడిపించుకోవడం సిగ్గు కాదని. గేరు లేని సైకిలు కుర్రాడు సగం ఘాట్ నడిపించుకునే వచ్చాడు. మేము ప్రతి నాలుగైదు మలుపులకూ ఆగి వాడికోసం చూశాం.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. నర్సీపట్నం మైదానం నుంచి చూస్తే తొమ్మిది వందల మీటర్లకు దగ్గరగా ఎక్కినట్టు. బడిలో చెప్పే లెక్కే ఇక్కడా. ఒక కిలో బరువును ఒక మీటరు ఎత్తడానికి సుమారు 10 జౌళ్ళ పని. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలనుకుంటే, తొమ్మిది వందల మీటర్లకు ఏడున్నర లక్షల జౌళ్ళు పైన. మన కండరాలు తిన్నదానిలో దాదాపు నాలుగోవంతునే పనిగా మార్చగలవు, మిగిలింది వేడిగా, చెమటగా పోతుంది. అంటే ఎత్తు ఎక్కడానికే సుమారు 700 కిలో కేలరీలు, ఇంచుమించు రెండు వందల గ్రాముల బియ్యం వండిన అన్నం. గేరు ఈ లెక్కను తగ్గించదు. ఒకేసారి పడాల్సిన బరువును చిన్న చిన్న వాయిదాలుగా పంచుతుంది, అంతే. చేయాల్సిన పని అంతే ఉంటుంది.

ఈ లెక్క ఎందుకు చెప్పామంటే, కొండకు మనుషుల్లో తేడా తెలియదు. సైకిలుతో ఎక్కిన మాకూ, అడ్డాకుల మోపుతో ఎక్కిన ముసలమ్మకూ అది ఒకే సూత్రం ప్రకారం లెక్క కడుతుంది. కిలోలు, మీటర్లు. అయినా ఆ రోజు రోడ్డు మీద మా ఇద్దరి కష్టాలకు దొరికిన మర్యాద ఒక్కటి కాదు.

చలికాలం ఆదివారం కదా, మంచు చూడడానికి కింది పట్టణాలనుంచి కార్లు వరసగా వస్తున్నాయి. మమ్మల్ని దాటేటప్పుడు అద్దాలు దించి "సూపర్ అన్నా" అని అరిచారు. బొటనవేలు చూపించారు. ఇద్దరు ముగ్గురు ఆగి మాతో ఫోటోలు దిగారు, నీళ్ళ సీసాలు ఇచ్చారు. మాకు సంతోషంగానే ఉంది, అబద్ధం ఎందుకు. అదే కార్లు వంద గజాల పైన ముసలమ్మ పక్కనుంచి వెళ్ళాయి. ఒక్క అద్దం దిగలేదు. ఒక కారు మాత్రం పక్కకు జరగమని హారను కొట్టింది.

గేరు లేని సైకిలు కుర్రాడు అది చూశాడు. లంబసింగిలో టీ తాగుతున్నప్పుడు అన్నాడు: "మాస్టారూ, కష్టపడితేనే మనిషి అని మీరు క్లాసులో చెప్పేవారు. మరి మా నానమ్మ బతుకంతా ఈ కొండ ఎక్కింది. ఆమెకి ఎవరైనా చప్పట్లు కొట్టారా?"

వాడు నిష్ఠూరంగా అనలేదు. టీ ఊదుకుంటూ అన్నాడు. కానీ మాకు ఆ టీ గొంతు దిగలేదు. ఎందుకో చెప్పాలంటే ఒక పాత సంగతి ఒప్పుకోవాలి.

కొన్నేళ్ళ కిందట మా బడికి గెడ్డ అవతలి గూడెంనుంచి ఒక పాప వచ్చేది. గెడ్డ మీద వంతెన లేదు. వానాకాలం లంగా నడుముకు చెక్కుకొని, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకొని దాటేది. తడిసిన బట్టలతోనే కూర్చునేది. ఒకరోజు ప్రార్థన సమయంలో మేము ఆ పాపను ముందుకు పిలిచి, "చూడండి, చదువంటే ఇలా ఉండాలి, కష్టపడడం ఈమె దగ్గర నేర్చుకోండి" అని మిగతా పిల్లలచేత చప్పట్లు కొట్టించాం. ఆ పాప తలవంచుకొని నిలబడింది. సిగ్గు అనుకున్నాం. ఆ తర్వాతి వానాకాలం గెడ్డ పొంగాక ఆమె బడికి రావడం మానేసింది. మేము రెండుసార్లు ఇంటికి వెళ్ళాం. వాళ్ళమ్మ "నీరు చూస్తే భయం మాస్టారూ, ఒక్కగానొక్క ఆడపిల్ల" అంది. ఆమెకు నచ్చజెప్పడానికి మా దగ్గర ధైర్యం గురించిన మాటలు తప్ప ఏమీ లేవు.

చప్పట్లు కొట్టించాం. వంతెన కోసం ఒక్క అర్జీ రాయలేదు. తప్పు ఇక్కడుంది. ఆ పాప కష్టాన్ని మెచ్చుకోవడంతో మా పని అయిపోయిందనుకున్నాం. మెచ్చుకోలు మా మనసుకు హాయినిచ్చింది, ఆమెకు గెడ్డ అలాగే ఉండిపోయింది. కష్టాన్ని పొగడడం, కష్టం పెట్టేదాన్ని కాపాడడం అవుతుందని అప్పుడు మాకు తట్టలేదు.

మేము ఎక్కిన దారికే ఒక చరిత్ర ఉంది. 1922కు ముందు నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డు వేయించినప్పుడు రాళ్ళు కొట్టింది, మట్టి మోసింది మన తాతముత్తాతలే. గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ వాళ్ళచేత చాలీచాలని కూలికి, బలవంతంగా పని చేయించాడు. అప్పటికే 1882 మద్రాసు అటవీ చట్టంతో పోడుకూ అడవికీ ఆంక్షలు వచ్చిపడ్డాయి. ఆ కోపం, ఈ వెట్టి కలిసే అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటందొర, గాం మల్లుదొర వంటి మన్యం వీరులు నడిచేలా చేశాయి. 1922 ఆగస్టు 22న వాళ్ళు దాడి చేసిన మొదటి పోలీసు స్టేషను ఈ దారి చివర ఉన్న చింతపల్లిదే. మన పెద్దలు ఆనాడు కష్టానికి భయపడి తిరగబడలేదు. పోడు కొట్టడం రోడ్డు వేయడంకంటే తేలిక పనేమీ కాదు. ఒకడు కొరడా పట్టుకొని నిలబడి ఎక్కమన్న కొండను వాళ్ళు ఎక్కనన్నారు.

అదే దారిలో నూరేళ్ళ తర్వాత మేము సరదాకు సైకిలు తొక్కాం. ఇది తప్పా? మాలో ఒక మాస్టారు ఆ మధ్యాహ్నం చింతపల్లిలో అన్నం తింటూ ఈ మాటే అన్నారు. "మనం చేసింది బలిసిన పని. పొట్ట నిండినవాడికే ఊరికే కొండ ఎక్కాలనిపిస్తుంది" అని. మేము చాలాసేపు వాదించుకున్నాం. ఆ వాదంలో తేలిన సంగతులు ఇవి.

మొదటిది. ఎంచుకున్న కష్టానికీ మీదపడ్డ కష్టానికీ తేడా చెమటలో కనిపించదు. అది మూడు ప్రశ్నల్లో కనిపిస్తుంది. నడుమ ఆగిపోవచ్చా? ఫలం ఎవరి చేతికి పోతుంది? ఎంత దూరం, ఎంత బరువు అని నిర్ణయించేది ఎవరు? మాకు ఏ మలుపులోనైనా వెనక్కి తిరిగే వీలుంది. జేబులో బస్సు చార్జీ ఉంది. ముసలమ్మకు ఆ వీలు లేదు. ఆకు అమ్మకపోతే ఆ వారం ఉప్పు, నూనె లేవు. అడ్డాకు ధరను నిర్ణయించేదీ ఆమె కాదు.

ఇక్కడ ఒకరు అడగవచ్చు, ఆమెను ఎవరూ కట్టేసి ఎక్కించలేదు కదా, ఆమె ఇష్టంతోనే ఎక్కుతోంది కదా అని. ఈ ప్రశ్నకు మన దేశపు చట్టమే ఒక మంచి జవాబు వెతికింది. రాజ్యాంగంలోని 23వ అధికరణం వెట్టినీ బలవంతపు పనినీ నిషేధించింది. ఆసియా క్రీడల కోసం ఢిల్లీలో కట్టిన కట్టడాల కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఆ అధికరణాన్ని వివరిస్తూ, కనీస వేతనంకంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా బలవంతపు పనే అంది. కొరడా ఒక్కటే బలవంతం కాదు, ఆకలీ పేదరికం వేరే దారి లేకుండా చేస్తే అదీ బలవంతమే అని దాని సారం. ఈ మాట మన పిల్లలకు సాంఘికశాస్త్రంలో మార్కుల కోసం కాకుండా బతుకు కోసం చెప్పాలి. "సరే" అన్న ప్రతి మాటా ఒప్పుకోలు కాదు. వేరే దారి ఉండి కూడా సరే అంటే అది ఒప్పుకోలు.

రెండోది. అలాగని ముసలమ్మ కష్టాన్ని ఒట్టి బాధగా చూసి జాలిపడితే అది ఇంకో తప్పు. ఆమె మాకంటే ముందు మలుపు దాటింది. ఎక్కడ అడుగు వేయాలో, ఎక్కడ మోపు దించితే మళ్ళీ ఒంటరిగా ఎత్తుకోవచ్చో, ఏ రాతి ఎత్తు తన భుజానికి సరిపోతుందో ఆమెకు తెలుసు. అది విద్య. మా గేర్లకు రాని విద్య. కాబట్టి గౌరవించాల్సింది ఆమె కష్టాన్ని కాదు, ఆమెను. ఈ రెండూ వేరు. కష్టాన్ని గౌరవిస్తే అది అలాగే ఉండాలని కోరుకుంటాం. మనిషిని గౌరవిస్తే, ఆ మనిషి నెత్తిన బరువు తగ్గాలని, ఆ ఆకుకు సరైన ధర రావాలని కోరుకుంటాం. ఆ పాప విషయంలో మేము చేసిన పొరపాటు సరిగ్గా ఇదే. పాపను చూశామనుకొని గెడ్డకు దండం పెట్టాం.

మూడోది. మరి ఊరికే కొండ ఎక్కడం బలిసిన పనేనా? పెద్ద కుర్రాడు ఒక మాట అడిగాడు: "థింసా ఎవరు ఆడమంటారు మాస్టారూ?" మేము తినడం ఆపి వాడివంక చూశాం. నిజమే కదా. పండగకో పెళ్ళికో మోరి, కిరిడి, తుడుము మోగితే మన ఆడవాళ్ళు నడుములు పట్టుకొని వరసకట్టి తెల్లారేదాకా ఆడతారు. పగలంతా చేలో వంగి పనిచేసిన నడుములే అవి. ఆ రాత్రి కాళ్ళు తక్కువ నొప్పి పుట్టవు. కూలి ఎంత అని ఎవరూ అడగరు. చైత్రంలో ఇటుకల పండగకు మగవాళ్ళు రోజుల తరబడి కొండలు పట్టి తిరుగుతారు. ఒక్కోసారి ఏమీ దొరకక వట్టి చేతులతో వస్తారు. అయినా మరుసటి ఏడు వెళ్తారు. ఊరికే పడే శ్రమ పట్నంవాళ్ళు కనిపెట్టింది కాదు. పొట్ట నిండనివాళ్ళు కూడా కొంత అలుపును తమ కోసం, తమవాళ్ళతో కలిసి దాచుకున్నారు. మనిషి శ్రమ అంతా ఎవరికో అమ్ముడుపోయాక మిగిలే ఆ కాస్త శ్రమే మనిషిని మనిషిగా నిలుపుతుందేమో.

కాబట్టి మన పిల్లలకు ఊరికే ఎక్కే కొండలు ఉండాలి. ఆట కావాలి, పాట కావాలి, సైకిలు కావాలి. మార్కుకూ ఉద్యోగానికీ లెక్కకురాని అలుపు కావాలి. తను ఎంచుకున్న కొండ ఎక్కిన పిల్లకు తన శరీరం తనదేనని తెలుస్తుంది. ఆ తెలివిడి ఉన్నవాళ్ళే, ఇంకొకరు ఎక్కమన్న కొండ దగ్గర "ఎందుకు? ఎంతిస్తారు?" అని అడగగలరు. ముసలమ్మ మమ్మల్ని అడిగింది అదే ప్రశ్న. బహుశా ఆమెను ఎవరూ ఆ ప్రశ్న అడగనివ్వలేదు, అందుకే మా కోసం అడిగింది.

తోటి ఉపాధ్యాయులకు మేము చెప్పదలచింది కొంచెమే. పిల్లవాడు తన కష్టం చెప్పినప్పుడు మొదట మెచ్చుకోకండి. మొదట అడగండి, ఇది తీసేయగల కష్టమా, తీసేయలేనిదా అని. లెక్కలు రాకపోవడం, కొత్త భాష నోరు తిరగకపోవడం, ఇవి పడాల్సిన కష్టాలు. ఎవరూ మన బదులు పడలేరు. అక్కడ పక్కన కూర్చొని, తర్వాతి మలుపు వరకే చూపించి ఎక్కించాలి. గెడ్డ దాటడం, హాస్టల్లో చలికి వణకడం, ఖాళీ కడుపుతో క్లాసులో కూర్చోవడం, ఇవి పడకూడని కష్టాలు. వీటిని ఓర్పు అనే పేరుతో పాఠంలో కలపకూడదు. 1996 పెసా చట్టం మన గ్రామసభకు మాట్లాడే చోటు ఇచ్చింది. అక్కడ గొంతు విప్పడం, తీర్మానం రాయించడం, నకలు దాచుకోవడం కూడా చదువే. అది పిల్లల కళ్ళముందు జరగాలి.

యువతకు ఒక మాట. కష్టపడమని మీకు చెప్పేవాళ్ళు చాలామంది వస్తారు. మాలాంటి మాస్టర్లూ వస్తారు. చెప్పినవాడు మీతోపాటు ఎక్కుతున్నాడా, లేక కారు అద్దం దించి బొటనవేలు చూపిస్తున్నాడా చూసుకోండి. ముందు వెళ్తున్నవాళ్ళు మీరైతే, నాలుగు మలుపులకోసారి ఆగి వెనక గేరు లేని సైకిలు వస్తోందా చూడండి.

ఆ సాయంత్రం తిరుగుదారిలో దిగడం ఎక్కడంకంటే భయం వేసింది. పొద్దంతా కూడబెట్టిన ఎత్తు అంతా ఒక్కసారి చక్రాలకింద తోసుకొస్తుంది. బ్రేకు ఒకేపనిగా పట్టి ఉంచితే రిమ్ము కాలిపోతుంది, వదిలితే మలుపు దక్కదు. పట్టి వదులుతూ, నడుమ ఆగి రిమ్ములు చల్లారనిస్తూ దిగాం. ఉదయం ముసలమ్మ ఎదురైన మలుపు దగ్గర కూడా ఆగాం. అక్కడ ఎవరూ లేరు. గోడమీద రెండు ఎండిన అడ్డాకులు ఉన్నాయి.

అక్కడే ఆ కుర్రాడు, "మాస్టారూ, మన గెడ్డ గురించి ఇప్పుడైనా రాద్దామా?" అన్నాడు. వాడిదీ ఆ అవతలి గూడెమే. ఆ పాప వాడికి చిన్నాన్న కూతురు. మాకు ఆ సంగతి అంతవరకు గుర్తులేదు.

రాశాం. తర్వాతి గ్రామసభలో చదివించాం, గూడెంవాళ్ళు వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. పెట్టినవాళ్ళలో ఆ పాప కూడా ఉంది. ఇప్పుడు పాప కాదు, చంకలో బిడ్డ ఉంది. తన పేరు తనే రాసింది, మేము నేర్పిన అక్షరాలతో. వంతెన ఇంకా రాలేదు. అర్జీ నకలు బడి బీరువాలో ఉంది. రెండుసార్లు గుర్తుచేశాం, మూడోసారి వెళ్ళాల్సి ఉంది.

ముసలమ్మ మళ్ళీ ఎదురైతే చెప్పడానికి ఇప్పుడు మా దగ్గర ఒక జవాబుంది. థింసా ఆడినట్టే ఎక్కాం మామ్మా, అంటాం. ఆ తర్వాత, నీ ఆకు మోపుకి ఎంతిస్తున్నారు, అని మేము అడుగుతాం.